చెరొక చెవి

కౌసల్యమ్మ చెవిలో పాటలు వినే ఆ తెల్లటి గుండీ సరిగ్గా కూర్చోవడానికి స్వరూప చాలా తంటాలు పడింది. చెవి కమ్మ అడ్డం వస్తోంది. ముసలామె తల ఒకచోట ఉంచదు.

"కదలకు అత్తమ్మా, జారిపోతది."

"దీనికి తోకే లేకపాయె. పడితే యాడ ఎతుకుతం?"

"పడదు. నువ్వు జర తల నిలుపు."

ఇద్దరూ మగ్గం గుంటలో కాళ్లు దించుకుని పక్కపక్కన కూర్చున్నారు. ఆ నేత ఇద్దరి పని. చీర ఒడలు నూలు, అంచు పట్టు. ఒడలు పోగు అంచు దాకా వచ్చి ఆగాలి, అంచు పోగు వచ్చి దాన్ని మెలేసి పట్టుకోవాలి. పోగు తీసుకుపోయే నడిమి నాడె స్వరూపది. పక్క అంచు నాడె కౌసల్యమ్మది. ఒకరి చెయ్యి ఆగిందంటే రెండోవారి చెయ్యి కూడా ఆగాల్సిందే.

పాత ఫోను ఉన్నన్నాళ్లూ ఇద్దరికీ ఒకటే వైరు. ఫోను ఎదురుగా మగ్గం అడ్డపట్టె మీద ఉండేది. వైరు అక్కడి నుంచి పైకి వచ్చి రెండుగా చీలి, ఒక కొస అత్త చెవికి, ఒక కొస కోడలి చెవికి పోయేది. పొద్దున అత్త కోసం పురాణం, మధ్యాహ్నం కోడలి కోసం పాటలు. కిటికీ పక్కనుంచి పోయే ఇరుగుపొరుగు నవ్వేవాళ్లు. అత్తాకోడండ్లను గణేషు ఒక్క తాడుకు కట్టేసిండని అనేవాళ్లు. ఏదైనా ఫోను వస్తే తెర మీద పేరు కనబడేది. స్వరూప వైరు పీకేసి, ఫోను తీసుకుని వాకిట్లో ఉన్న భర్త గణేష్‌కు ఇచ్చి వచ్చేది.

దసరా తర్వాత గణేష్ కొత్త ఫోను కొన్నాడు. దానికి వైరు పెట్టే బెజ్జం లేదు. కౌసల్యమ్మ ఫోను నాలుగువైపులా తిప్పి చూసి, "బొక్క పెట్టుడు మర్చిపోయిండ్రు," అంది. "ఇప్పుడు అన్నీ గిట్లనే వస్తున్నయి," అని గణేష్ విసుక్కున్నాడు. పురాణం లేక తల్లి సణుగుడు ఎక్కువైతే, తన కోసం తెచ్చుకున్న ఈ గుండీల డబ్బా తెచ్చి మగ్గం మీద పెట్టాడు. "దీన్ని ఒకసారి తట్టితే పాట ఆగుతది, మల్ల తట్టితే వస్తది. ఫోను యాడున్నా పని చేస్తది," అన్నాడు. అప్పటి నుంచి అతను ఇంట్లో ఉన్నంతసేపూ ఫోను ముందు గదిలో చార్జింగుకు ఉంటుంది. మాట మాత్రం వెనక గదిలో మగ్గం దాకా వస్తుంది.

పురాణం మొదలైంది. నాడెలు కదిలాయి. కొంచెం నేత సాగాక కౌసల్యమ్మ తల తిప్పకుండానే అంది.

"బేస్తవారం మా తమ్ముడొస్తుండు. మీ నాయినకు గూడ చెప్పిపిచ్చిన."

స్వరూప పోగు బిగిసేలా పలకను దగ్గరికి లాగి కొట్టింది. ఎందుకు వస్తున్నారని అడగలేదు. అత్త తమ్ముడు రామచంద్రయ్యకు నాగర్‌కర్నూల్‌లో బట్టల దుకాణం. కూతురు నవనీతకు ఒకసారి పెండ్లి ఖాయమై తప్పిపోయింది. తర్వాత అడిగినవాళ్లు లేరు. మేనకోడలిని గణేష్‌కు చేసుకోవాలని కౌసల్యమ్మ ఇంట్లో అంటూనే ఉంది. ఇన్నాళ్లూ అది కోపం వచ్చినప్పటి మాట. ఇప్పుడు దానికి ఒక వారం పేరు వచ్చింది.

"మనసుల పెట్టుకోకు," అంది కౌసల్యమ్మ. "నిన్ను ఎల్లగొడ్తనంటలేను. కడుపు పండనిదానికి ఎవలేం జేస్తరు."

స్వరూప జబ్బ మీద, పిల్లల కోసం వేయించుకున్న నిన్నటి సూది పోటు ఇంకా సలుపుతూనే ఉంది. నాడె విసిరేటప్పుడల్లా ఆ చోటే గుంజుతోంది.

మరునాడు గణేష్ జరీ కోసం బజారుకు పోతూ ఫోను మరిచిపోయాడు. చార్జింగు పెట్టి, చొక్కా వేసుకుని, తల్లితో ఏదో మాట్లాడుతూ అట్లే వెళ్లిపోయాడు. అత్తాకోడళ్లు చెరొక గుండీ చెవిలో పెట్టుకుని కూర్చున్నారు. ఎర్రంచు చీర సగం దాటింది. బీచుపల్లిలో పెండ్లికి కావాలని ఎవరో చెప్పి చేయించుకుంటున్న చీర.

పురాణం మధ్యలో ఆగి, చెవిలో గంట మోగింది. స్వరూప రెండు చేతులకూ పని ఉంది. ఆగుతుందిలే అని చూసింది. ఆగలేదు. గుండీ మీద ఒకసారి తట్టింది. గంట ఆగింది. దాని చోట ఒక ఆడమనిషి గొంతు వచ్చింది, పక్కన కూర్చుని మాట్లాడినంత దగ్గరగా.

"గణేష్ నంబరేనా ఇది? కర్నూలు ఆస్పత్రి నుంచి మాట్లాడ్తాండాం."

స్వరూప ముందు గది వైపు చూసింది. లేచి పోదామంటే నాడె పడుగు మధ్యలో ఉంది.

"ఔ. ఆయన బజారుకు పోయిండు."

"నువ్వు వాళ్ల ఇంటామెవా?"

"ఔ."

"సరే, ఇద్దరికీ సంబంధించిందే గదా. ఆయనకి చెప్పు తల్లీ. రెండోసారి చేసిన పరీక్ష గూడా మొదటి మాదిరే వచ్చింది. మందులతో బాగయ్యేది కాదంటాండాడు డాక్టరు. మీరిద్దరూ ఒకసారి వస్తే కూర్చోబెట్టి మాట్లాడతాడంట."

"ఎవల పరీక్ష?"

"మీ ఆయనదే. పోయినేడాది ఇద్దరికీ చేసినప్పుడే చెప్పి పంపిస్తిమి గదమ్మా. నీ తావ ఏమీ లోపం లేదు. ఆయన నీకు చెప్పలేదా?" ఆమె గొంతు తగ్గించింది. "నువ్వు ఇంకా యాడన్నా సూదులు ఏపిచ్చుకుంటాంటే మానెయ్ తల్లీ. ఆ సూదులతో పనిలేదు."

గొంతు పోయింది. వెంటనే పురాణం ఆగిన మాట దగ్గరి నుంచి మళ్లీ మొదలైంది.

స్వరూప కాలు తొక్కుడు చెక్క మీదే ఉండిపోయింది. పక్కకు చూసింది. కౌసల్యమ్మ చేతిలో అంచు నాడె పోగుల మధ్య సగం దాకా పోయి ఆగి ఉంది. పట్టు పోగు వదులై వేళ్ల మీద పడింది. ముసలామె కళ్లు రెప్ప వేయకుండా పడుగు మీదే ఉన్నాయి. చెవిలో గుండీ తెల్లగా కనబడుతోంది.

కొంచెంసేపటికి ఆమె నాడె అవతలికి తోసింది.

"కొట్టు," అంది.

స్వరూప పలక కొట్టింది. మళ్లీ నాడె విసిరింది. అత్త మళ్లీ అందుకుంది. పురాణం చెప్పేవాడు ఏదో అని తనే నవ్వుకుంటున్నాడు. బెత్తెడు మేర నేత సాగింది. అప్పుడు స్వరూప చూసింది. ఫోను వచ్చిన చోట అంచు పోగు మెలికపడక, చీరకూ అంచుకూ మధ్య వెలుతురు కనబడుతోంది. ఆ మేర అంతా విప్పాల్సి వచ్చింది. ఇద్దరూ వంగి పోగు పోగూ వెనక్కి తీశారు. కౌసల్యమ్మ స్వరూప చేతిలోని పోగు కూడా తానే తీసుకుని విప్పింది.

గణేష్ వచ్చి ముందు గదిలో ఫోను తీశాడు. అతని అడుగుల చప్పుడు ఆగిపోవడం మగ్గం దగ్గరికి తెలిసింది. తర్వాత గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తల్లి చెవి వైపు చూశాడు, భార్య చెవి వైపు చూశాడు.

"ఫోను ఎవలు ఎత్తిండ్రు?"

"మోగింది. ఆగుతదని ఒత్తినం," అంది కౌసల్యమ్మ. "ఎవలో కంపెనీవాళ్లు. నాకేం సమజ్ కాలే."

"నీకు?" అని స్వరూపను అడిగాడు.

స్వరూప అత్త ముఖం చూసింది. అత్త కండె మార్చుకుంటోంది. "అత్తమ్మ చెప్తున్నది గద," అంది స్వరూప.

గణేష్ చెయ్యి చాపాడు. ఇద్దరూ చెవుల్లోంచి తీసి ఇచ్చారు. డబ్బాలో పెట్టి, డబ్బా జేబులో వేసుకున్నాడు. అన్నం తినకుండా మళ్లీ బయటికి పోయాడు.

ఆ సాయంత్రం స్వరూప సూదికి పోవాల్సిన రోజు. చీర మార్చుకుని సంచీ తీసుకుంటుంటే కౌసల్యమ్మ పొయ్యి దగ్గర నుంచే అంది. "ఇయ్యాల దవాఖానకు వద్దు తియ్యి."

"ఎందుకు?"

"వద్దన్న గద. చెయ్యి వాచింది, చూడరాదు?" అని లేచి వచ్చి సంచీ మేకుకు తగిలించింది. గోరువెచ్చని నీళ్లలో ఉప్పు వేసి, గుడ్డ ముంచి ఆ జబ్బ మీద కాపడం పెట్టింది. అన్నం దగ్గర కోడలి పళ్లెంలో మొదట నెయ్యి వేసింది. ఆ ఇంట్లో అట్లా ఎప్పుడూ జరగలేదు.

స్వరూప ఆ రాత్రి కడుపునిండా తిన్నది. అత్తకు అర్థమైంది, చెప్పుకోవడానికి నోరు రావడం లేదు, అంతే అనుకుంది. కొడుకు కదా, నలుగురిలో అనలేదు. తమ్ముడిని ఏదో వంక చెప్పి ఆపుతుంది. ఆపితే చాలు, తనకు ఇంకేం అక్కర్లేదు. గణేష్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఒక్కమాట, తప్పైందని ఒక్కమాట అంటాడేమోనని ఆమె చాలాసేపు కళ్లు తెరుచుకుని ఉంది. అతను నిద్రపోలేదని ఊపిరి చెబుతూనే ఉంది.

తెల్లారి మగ్గం మీద కూర్చున్నాక ఆమే మాట కదిపింది.

"వాళ్లను రావద్దని చెప్పరాదా అత్తమ్మా?"

"ఎవలను?"

"నీ తమ్మున్ని. మా నాయినను."

"చెప్పినంక ఎట్ల ఆపుత?"

"నువ్వు వింటివి గద."

"ఏం విన్న? చెవుల పెట్టుకుంటే గుయ్యిమంటది. నాకేం వినరాలే."

"నీ చెయ్యి ఆగె."

"ముసలిదాన్ని. చేతులు ఆగుతయి." కౌసల్యమ్మ నాడె తోసింది. "నువ్వు నాడె చూసుకో. నిన్న విప్పింది సాలదా."

చెవుల్లో ఏమీ లేకపోవడంతో మగ్గం చప్పుడు గది నిండా పెద్దగా వినిపించింది.

బేస్తవారం నాడు స్వరూప తండ్రి వెంకటన్న అమరచింత నుంచి పొద్దుటి బస్సుకే వచ్చాడు. ఆయనదీ మగ్గమే. వియ్యపురాలి ఇంట్లో కుర్చీ వేసినా కూర్చోక, గోడవారగా చాప మీద కూర్చుని తువ్వాల ఒళ్లో పెట్టుకున్నాడు. కూతురు మంచినీళ్లు ఇస్తే ఆమె ముఖం చూడకుండా తాగాడు. రామచంద్రయ్య మధ్యాహ్నానికి వచ్చాడు. తెల్లని చొక్కా, మెత్తని మనిషి. ఎవరినీ నొప్పించకుండా మాట్లాడే అలవాటు దుకాణంలో అబ్బింది.

స్వరూప వంటింటి గడప లోపల కూర్చుంది. గణేష్ మంచం కోడు మీద గోరుతో గీస్తున్నాడు.

"అన్నా, బిడ్డ మీద మాకేం కోపం లేదు," అని మొదలుపెట్టాడు రామచంద్రయ్య. "పనిమంతురాలు, మాట పడ్డది, ఎదురు చెప్పలేదు. కాని ఇల్లు నిలబడాలె గద. చూపియ్యని దవాఖాన లేదు, మొక్కని దేవుడు లేడు. నవనీతను ఈ ఇంట్ల ఇస్తే, నీ బిడ్డకు గూడ తోడయితది. స్వరూప ఈడనే ఉంటది. మా పిల్లకు నేత రాదు. మగ్గం నడవాలంటే స్వరూప ఉండాల్సిందే."

వెంకటన్న తువ్వాల మడత విప్పి మళ్లీ మడిచాడు. "మీరెట్లంటే గట్ల. మా దిక్కు నుంచే లోపం ఉన్నప్పుడు నేనేమంట."

స్వరూప లేచి గడప దాటి నిలబడింది.

"నాయినా, లోపం నాది కాదు. కర్నూలు నుంచి ఫోన్ వచ్చింది. ఆయనకే లోపమున్నదన్నరు. నిరుడే ఆయనకు చెప్పినమన్నరు. నాకు చెప్పకుండ ఇన్ని దినాలు సూదులేపిచ్చిండు."

గణేష్ తల ఎత్తి, "ఏం ఫోను? ఎవలు జేసిండ్రు?" అన్నాడు. జేబులోంచి ఫోను తీసి మేనమామ ముందు పెట్టాడు. "చూడు మామా. కర్నూలు నంబరు ఉన్నదేమో చూడు."

అతను ఆ నంబరును ఎప్పుడో తుడిచేసి ఉంటాడు. రామచంద్రయ్య ఫోను ముట్టుకోలేదు.

"నేనొక్కదాన్నే వినలే," అంది స్వరూప. "ఒకటి నా చెవుల ఉండె, ఒకటి అత్తమ్మ చెవుల ఉండె. ఇద్దరం విన్నం. అత్తమ్మను అడుగుండ్రి."

అందరూ కౌసల్యమ్మ వైపు తిరిగారు. ఆమె చీర కొంగుతో చాయ గ్లాసు అంచు తుడుస్తోంది.

"నాకు చెవులు సరిగ వినరావని అందరికి ఎర్కనే," అంది. "ఆ గుండీలు నేను పెట్టుకుంటనా? అవి పిల్లలకు."

కిటికీ అవతల ఎవరైనా ఉన్నారేమోనని స్వరూప అటు చూసింది. ఆ వీధిలో ఎవరిని పిలిచి అడిగినా లాభం లేదు. వైరు లేని ఆ గుండీ ముసలామె చెవిలో ఉండడం కిటికీ అవతలి నుంచి ఎవరూ చూడలేదు.

"ఊకో బిడ్డా," అన్నాడు వెంకటన్న. ఆయన గొంతులో సిగ్గు ఉంది. "పెద్దామె మీద ఎయ్యకు. వచ్చి లోపల కూసో."

స్వరూప కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడింది. రామచంద్రయ్య ఊపిరి వదిలాడు.

"అయ్యింది తియ్యి. కడుపుల బాధ ఉంటది, ఏదో ఒకటి అంటరు. అక్కా, మాఘమాసంల మంచి రోజులున్నయట. అంజన్న గుళ్లె తలంబ్రాలు పోపిచ్చుదం, నలుగురికి తెల్వనవసరం లేదు. నవనీతను నీ చేతుల పెడుతున్న. నీ ఒళ్లె పెరిగిన పిల్లనే."

కౌసల్యమ్మ గ్లాసు కింద పెట్టింది. పెట్టిన గ్లాసును మళ్లీ జరిపింది.

"నవనీత వద్దు తమ్మీ."

"ఏంది?"

"నవనీత వద్దు. దానికి యాడన్న మంచి సంబంధం చూడు."

రామచంద్రయ్య నవ్వబోయి ఆగాడు. "అదేందక్కా. రెండేండ్ల సంది నువ్వే అడుగుతివి. వచ్చిన కాడల్లా అడుగుతివి."

"మేనరికం మంచిది కాదంటున్నరు."

"ఎవలంటున్నరు? మనింట్ల అన్నీ మేనరికాలే గద."

"బయటి పిల్లను చూద్దం. గట్టు ఊరి దిక్కు మనోళ్లు ఉన్నరు. మగ్గాలు పోయి చేన్లకు కూలికి పోతుండ్రు. అడిగితే కాదనరు." ఆమె గబగబా చెప్పింది, ముందే అనుకున్న మాటలాగా. "భీమమ్మకు ముగ్గురు ఆడపిల్లలు. ఒకదాన్ని ఇస్తది."

రామచంద్రయ్య అక్కను చూశాడు. ఆమె కళ్లు కలపలేదు. మేనల్లుడిని చూశాడు. గణేష్ మెడ ఎర్రబడింది, గోరు కోడు మీద ఆగిపోయింది. చివరికి గోడకు ఆనుకుని ఉన్న స్వరూపను చూశాడు. ఆ చూపు అక్కడ కాసేపు నిలిచింది. ఆయన నోరు తెరిచాడు. ఏదో అంటాడని స్వరూప అనుకుంది. ఆయన నోరు మూసుకుని చెప్పుల కోసం లేచాడు.

"అన్నం తిని పో తమ్మీ," అంది కౌసల్యమ్మ.

"వనపర్తిల పనుంది." చెప్పులు వేసుకుని, వాకిట్లో ఆగి, వెంకటన్నతో మాత్రం అన్నాడు. "అన్నా, బిడ్డను నీ ఎంట తోల్కపో. అదే మంచిది." ఎందుకో చెప్పలేదు. బండి చప్పుడు వీధి మలుపు దాకా వినిపించింది.

వెంకటన్న తువ్వాల చేతిలో పట్టుకుని అట్లే కూర్చుండిపోయాడు. గణేష్ పెరటి తలుపు తీసుకుని బయటికి పోయాడు.

స్వరూప మేకుకున్న సంచీ తీసి చీరలు సర్దుకుంది. కౌసల్యమ్మ వెనకే వచ్చి నిలబడింది. స్వరూప సంచీ ముడి వేస్తుంటే అంది.

"ఈ చీర అయ్యేదాక ఉండు. పెండ్లోళ్లకు మాటిచ్చిన. కొంగు నాతోటి ఒక్కదానితోటి కాదు."

"నీ కొడుకును కూసోబెట్టుకో."

"వాడు మగ్గం దిగి ఎన్నేండ్లాయె. వాని చెయ్యి అంచుకు తిరగదు."

స్వరూప సంచీ భుజాన వేసుకుంది. కౌసల్యమ్మ దారికి అడ్డం నిలబడలేదు. పక్కకు తప్పుకుంటూ అంది. "నా కడుపున పుట్టిండు పిల్లా. నలుగుర్ల వాన్ని ఎట్ల అనమంటవ్?"

"అనకు. నవనీత నీ తమ్ముని బిడ్డ, ఆపుకున్నవ్. భీమమ్మ బిడ్డ నీకేం గాదు."

ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక గదిలో మగ్గం మీద సగం నేసిన ఎర్రంచు పడుగు బిగుతుగా నిలిచి ఉంది. స్వరూప దాని పక్కనుంచే వాకిట్లోకి వచ్చింది.

బస్సులో తండ్రీకూతుళ్లకు వెనక సీటు దొరికింది. బస్సు ధరూర్ దాటి, జూరాల ఆనకట్ట మీదికి ఎక్కింది. కింద గేట్ల దగ్గర నీళ్లు తక్కువగా పారుతున్నాయి. రాళ్లు బయటపడి ఉన్నాయి. వెంకటన్న నీళ్ల వైపు చూస్తూనే అడిగాడు.

"నువ్వు చెప్పింది నిజమేనా బిడ్డా?"

"నిజమే."

"అంతా విని గూడ ముసలామె గట్ల అన్నదా?"

"ఔ."

వెంకటన్న తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "నేను నిన్ను ఊకోమంటి," అన్నాడు. కట్ట దిగాక ఆయన మళ్లీ ముందరికి వంగి, పక్కవాళ్లకు వినబడకుండా చెప్పాడు. "అయ్యిందేదో అయ్యింది. ఇగ ఊర్లె ఎవలకు చెప్పకు. మనింట్లనే ఉండు, మన మగ్గమున్నది. వాళ్ల ఇజ్జత్ మనకెందుకు?"

"మన ఊర్లె చెప్ప," అంది స్వరూప. "గట్టుల చెప్త."

"గట్టుల ఎవలున్నరు మనకు?"

"ఎవలు లేరు. భీమమ్మ ఇల్లు అడుక్కుంట పోయి చెప్త. ఆమె ఇయ్యనంటే ఇంకో ఇంటికి పోతరు. ఆడికి గూడ పోయి చెప్త."

వెంకటన్న కూతురి ముఖంలోకి ఆ రోజంతటిలో మొదటిసారి చూశాడు. "నమ్ముతరా?" అన్నాడు. "కన్న తండ్రిని, నేనే నమ్మకపోతి."

"నమ్మకుంటే కర్నూలు తోల్కపోయి అడిగిపిస్త."

"అంత దూరం ఒక్కదానివే ఎట్ల పోతవ్?"

"బస్సుకు," అంది స్వరూప.